నిలకడ

మా మామగారు పోయిన నలభై ఏళ్ళకి, ఢిల్లీలో, సరోజినీ నగర్‌లోని మా క్వార్టర్‌లో, కూలర్ తుంపర పడి కళ్ళు మూసుకున్నారు.

ఆయన్ని నేను ఫోటోలోనే చూశాను. మా ఆయన రఘునందన్ కూడా అంతే. మా ఆయన నెలల పిల్లాడిగా ఉండగానే తండ్రి పోయారు. అందుకే ఆయనకి నాన్న అంటే ముందుగదిలో గోడకున్న ఆ ఒక్క ఫోటోయే. పేము కుర్చీలో మామగారు, శివరామకృష్ణ మాస్టారు. ఇస్త్రీ లాల్చీ, భుజం మీంచి ఒళ్ళోకి జారిన కండువా. ఒళ్ళో మా ఆయన, బోసినోరు తెరుచుకుని నవ్వుతూ. కుర్చీ వెనక మా అత్తయ్య భానుమతి, తలనిండా పూలు, రూపాయంత బొట్టు, కిందికి వాల్చిన తల. ముగ్గురిలోనూ ముందు కనిపించేవి మామగారి కళ్ళు. అంతంత కళ్ళు. గదిలో ఏ మూల నిలబడ్డా మనల్నే చూస్తున్నట్టుండేవి. మా అమ్మాయి వీణ చిన్నప్పుడు ఆ ఫోటో ఎదురుగా దొంగతనంగా బిస్కెట్టు కూడా తినేది కాదు.

కొత్తగా ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు ఆ ఫోటో వచ్చేది. ఆ ఏడు ఎండాకాలం మొదట్లో హైదరాబాదు నుంచి బదిలీ మీద వచ్చిన సదాశివరావుగారికి కూడా అలాగే వచ్చింది.

“మా నాన్నగారండీ. ఒళ్ళో ఉన్నది నేను,” అన్నారు మా ఆయన, మేకు మీంచి ఫోటో దించి ఆయన చేతికిస్తూ. “మా అమ్మ మొహం కాస్త అలికినట్టుంది చూశారా? నా చేతులైతే అసలు ఆనవు. ఆ రోజుల్లో కెమెరా ముందు కదిలితే అంతేనట. మా నాన్న మాత్రం వెంట్రుకంత కూడా కదల్లేదు. మనిషి నిలకడ అలాంటిది.”

సదాశివరావుగారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని చూశారు. “నిలకడ సంగతేమో గానీ, కళ్ళు మాత్రం మీకు అచ్చంగా దింపేశారండీ.”

ఆ మాట ఎవరన్నా మా ఆయన మొహం చిన్నపిల్లాడి మొహం అయిపోతుంది. వీణ హోంవర్కు దగ్గర కుదురుగా కూర్చోకపోతే “తాతయ్యని చూసి నేర్చుకో” అంటారు. ఆయన దేవుడికైనా ఒకోరోజు దణ్ణం పెట్టడం మరిచిపోతారు గానీ, ఆఫీసుకి వెళ్తూ ఆ ఫోటో వైపు చూడకుండా గడప దాటరు.

ఈ మాటలు మొదలవగానే అత్తయ్య లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేవారు. “కాఫీ నేను కలుపుతాలే ఉషా, నువ్వు కూర్చో.” కాపురానికొచ్చిన కొత్తలో అది నా మీద ప్రేమ అనుకున్నాను. తర్వాత, పోయినాయన గుర్తొచ్చి తట్టుకోలేక వెళ్తున్నారేమో అనుకున్నాను.

ఆ మే నెలలో అత్తయ్యకి ఎండ పడలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి నిప్పుల్లాంటి గాలి. ఆవిడ తడిగుడ్డ తల మీద వేసుకుని దివాన్ మీద పడుకునేవారు. అది చూడలేక మా ఆయన పెద్ద ఇనప కూలర్ తెచ్చి ముందుగది కిటికీకి బిగించారు. కొత్త గడ్డి పలకలు పెట్టి, ముందుకాళ్ళ కింద ఒక ఇటుక దూర్చి, వంగి చూసి, లేచి చూసి, గాలి తిన్నగా వాళ్ళమ్మ దివాన్ మీదికి వచ్చేలా తిప్పారు. ఆ దివాన్‌కి పైనే ఫోటో. ఆ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు.

“ఎలా ఉందమ్మా?”

“కాశ్మీరులా ఉందిరా,” అన్నారు అత్తయ్య కళ్ళు మూసుకుని. సన్నటి తుంపర ఆవిడ జుట్టు మీద ముత్యాల్లా పడుతోంది.

“నువ్వెప్పుడు చూశావు కాశ్మీరు?”

“చూడకపోతే ఏం? ఇంతకంటే బాగుంటుందా?”

మర్నాడే ఆయన ఆడిట్ పని మీద జైపూర్ వెళ్ళారు.

వారం తిరక్కుండానే ఒక పొద్దున, కుళాయి నీళ్ళు ఆగిపోయేలోగా బకెట్లు నింపుకునే హడావిడిలో నేనుంటే వీణ వచ్చి నా కొంగు పట్టుకుంది. దానికి పన్నెండేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, నోట్లోంచి వచ్చేది మాత్రం హిందీ.

“మమ్మీ, తాతయ్య సో గయే.”

“ఎవరు పడుకున్నారు? ఆ చెంబు ఇలా ఇయ్యి.”

“తాతయ్య! ఆంఖే బంద్ హై. సచ్ మమ్మీ, ఒక్కసారి చూడు.”

విసుక్కుంటూనే వెళ్ళాను. అద్దం లోపల చెమ్మ ఊరింది. మామగారి రెండు చెంపల మీదా, ఏడిస్తే కాటుక కారినట్టు, నల్లటి చారలు. ఆ చారల పైన, అంతంత కళ్ళు ఉండాల్సిన చోట, రెండు రెప్పలు. మూసి ఉన్నాయి.

నీళ్ళు పడితే ఫోటో మరకలు కట్టాలి, చెదిరిపోవాలి. కళ్ళు మూసుకోవడమేమిటి?

స్నానం చేసి తలకి తుండు చుట్టుకుని వచ్చిన అత్తయ్య నా భుజం మీంచి చూశారు. చూసి దివాన్ అంచున కూర్చుండిపోయారు.

“కూలర్ కట్టెయ్,” అన్నారు ముందు, ఇప్పుడు కడితే ఏదో ఆగుతుందన్నట్టు. తర్వాత, “వాడెప్పుడొస్తాడు?” అన్నారు.

“ఆదివారం అన్నారు. ఏంటత్తయ్యా ఇది?”

“ఆ కళ్ళు రంగుతో వేసినవి. త్యాగరాజు వేశాడు, ఫోటో తీసినతను.”

“రంగెందుకు వేశాడు?”

ఆవిడ నా వైపు చూశారు, అంతే.

“తీసేటప్పటికే పోయారా?”

“తెల్లవారుజామున పోయారు. ఎండెక్కక ముందే తీశారు.”

“మీన్స్, డెడ్ బాడీ?” అంది వీణ. “పాపా డెడ్ బాడీ ఒళ్ళో బైఠే హై?”

“నోర్ముయ్!” అన్నాను.

“దాన్నెందుకు కసురుతావు? అది అన్నదాంట్లో అబద్ధమేముంది?” అన్నారు అత్తయ్య. తుండు విప్పి ఒళ్ళో పెట్టుకున్నారు. “మా వైపు అప్పట్లో అందరూ తీయించేవాళ్ళే ఉషా. బతికున్నవాళ్ళని ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని భయం. మా పెళ్ళిలో తీయిస్తామంటే మా అత్తగారు పడనివ్వలేదు. త్యాగరాజు స్టూడియోకి వెళ్తే గోడల నిండా మనుషులే, సగానికి సగం పోయినవాళ్ళు. కుర్చీలో కూర్చోబెట్టి నడుముకి కండువాతో కట్టేవాడు. ఇంటికి తీసుకెళ్ళి కళ్ళు వేసిచ్చేవాడు. ‘పిల్లాడికి తండ్రి మొహం తెలియొద్దా’ అని మా మామగారే కబురు పెట్టారు. నా బొట్టూ పూలూ ఉండగానే తీయాలని తొందర. ఎవరో నా తలలో ఆ పూలన్నీ గుచ్చేశారు.”

“మరి ఆయనకెందుకు చెప్పలేదు?”

“చెప్పకూడదని కాదు. వాడికి నాలుగేళ్ళప్పుడు, పక్కింటి పిల్లాడు వాళ్ళ నాన్న భుజాలెక్కి తిరునాళ్ళకి పోతుంటే చూసి, ‘మా నాన్న నన్నెప్పుడన్నా ఎత్తుకున్నాడా’ అని అడిగాడు. ఏం చెప్పను? గోడకున్నది చూపించా. ‘అదుగో, ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడుగా’ అన్నా. కాస్త పెద్దయ్యాక చెబ్దామనుకున్నా. వాడేమో ఊరంతా చెప్పుకోవడం మొదలెట్టాడు.”

“ఇప్పుడు చెప్పేస్తే?”

“వాడికి తండ్రంటే ఉన్నది అంతేనే అమ్మా. అది కూడా లాగేసుకోమంటావా? ఆదివారం లోపల ఆ కళ్ళు తెరిపించు. నీకు దణ్ణం పెడతాను.”

వీణ ఆ రోజంతా ముందుగదిలోకి రాలేదు. సాయంత్రం నా చెవిలో, “పాపా కో నహీ బతానా హై?” అంది. చెప్పొద్దన్నాను. ఇంట్లో అప్పటికి ముగ్గురం ఉన్నాం, ముగ్గురికీ ఒకటే గుట్టు.

మార్కెట్టులో బట్టల కుప్పల మధ్య, కంప్యూటర్ మీద పాత ఫోటోలు బాగుచేసే స్టూడియో ఒకటుంది. నేను వెళ్ళొస్తానంటే అత్తయ్య వినలేదు. ఆ ఎండలో, “పచాస్ మే దో” అని ధరలు అరుస్తున్న కుర్రాళ్ళని తప్పించుకుంటూ, ఫోటోని పమిట కింద పెట్టుకుని నా వెనకే నడిచారు.

స్టూడియో అతను ఫోటోని ఎక్కించి తెర మీద పెద్దది చేశాడు. మూసిన రెప్పలు అరచేతులంత అయ్యాయి. అత్తయ్య మొహం తిప్పుకుని నా చెయ్యి పట్టుకున్నారు.

“హో జాయేగా ఆంటీజీ,” అన్నాడతను ధీమాగా. “దాదీజీ, ఆంఖే కైసీ థీ?”

“కళ్ళు ఎలా ఉండేవని అడుగుతున్నాడత్తయ్యా.”

ఫ్యాను గాలికి గోడ మీద పెళ్ళికూతుళ్ళ ఫోటోలు టపటపా కొట్టుకుంటున్నాయి.

“ఈ రంగు కళ్ళే గుర్తొస్తున్నాయి ఉషా,” అన్నారు చివరికి. “ఆయనవి రావట్లేదు. కాపురం చేసింది రెండేళ్ళు. తలెత్తి తిన్నగా చూసిందెప్పుడు? ఎంత వెతికినా ఆ త్యాగరాజు వేసినవే వస్తున్నాయి.”

నేను హిందీలో ఏం చెప్పాలో తెలియక, “యాద్ నహీ హై” అన్నాను.

“కోయీ బాత్ నహీ,” అన్నాడతను తేలిగ్గా. కొడుకు ఫోటో ఉంటే ఇవ్వండి, కొడుకు కళ్ళు పెట్టేస్తాను, ఖూన్ తో ఏక్ హీ హై, రక్తం ఒకటేగా, అన్నాడు. నా పర్సులో మా ఆయన ఆఫీసు కార్డు కోసం తీయించిన ఫోటోలు ఉన్నాయి. అత్తయ్యకి చెప్పాను.

“పెట్టమను,” అన్నారు ఆవిడ. “వాడివి వాళ్ళ నాన్న కళ్ళేనని లోకమంతా అంటోందిగా.” నవ్వబోయి, ఆగిపోయారు.

అతను పిల్లాడి చంక కింద వేలు పెట్టి చూపించాడు. కుర్చీ వెనకనుంచి వచ్చిన ఒక చెయ్యి, గాజులతో, పిల్లాడి నడుముని చుట్టి ఉంది. ఇన్నేళ్ళూ మేం ఆ కళ్ళనే చూశాం గానీ ఆ చేతిని చూడలేదు. ఇది అడ్డంగా ఉంది, తీసేయనా అని అడిగాడు.

ఈసారి నేను తెలుగులో చెప్పకముందే అత్తయ్యకి అర్థమైంది.

“వద్దను. తీసేస్తే పిల్లాడు పడిపోడూ?”

ఆదివారం మా ఆయన వచ్చేసరికి పాత ఫ్రేములో కొత్త ఫోటో తళతళలాడుతోంది. కూలర్‌ని కూడా పక్కకి తిప్పేశాం. ఆయన స్నానం చేసి భోజనానికి కూర్చున్నారు. అత్తయ్య వడ్డిస్తున్నారు. రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటూ గోడ వైపు చూశారు.

“ఫోటో కొత్తగా ఉందేంటి?”

“కూలర్ తుంపర పడి మరకలైతే బాగుచేయించాం,” అన్నాను. ముందే అనుకున్న మాట.

“మంచిపని చేశారు. నాకు తట్టనే లేదు.” ఎంగిలి చెయ్యి అలాగే పెట్టుకుని లేచి దగ్గరకి వెళ్ళారు. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. “అరె! అమ్మా, నాన్నకి కూడా కుడి కనుబొమ్మలో ఈ గీత ఉందా? ఇన్నాళ్ళూ నాకు కనపడనే లేదే!”

నా చేతిలో మజ్జిగ గ్లాసు ఆగిపోయింది. మా ఆయనకి చిన్నప్పుడు సైకిల్ మీంచి పడి కుడి కనుబొమ్మ చిట్లింది. అక్కడ వెంట్రుకలు మొలవవు, రెప్ప కూడా రవ్వంత వాలి ఉంటుంది. స్టూడియో అతను కళ్ళతో పాటు దాన్ని కూడా తెచ్చి పెట్టేశాడు. మేం ముగ్గురం నాలుగురోజులుగా ఆ ఫోటోని చూస్తూనే ఉన్నాం, కళ్ళు తెరుచుకున్నాయా లేదా అనే తప్ప ఇంకేమీ చూడలేదు.

“నాకు సైకిల్ మీంచి పడి వచ్చింది. నాన్నకెలా వచ్చిందమ్మా?”

ఆయన మొహం నిండా సంతోషం. కథ చెబుతుందని ఎదురుచూసే పిల్లాడిలా తల్లి వైపు తిరిగి నిలబడ్డారు. వీణ ఆపేసి ఉన్న టీవీ వైపు చూస్తోంది. చెట్టెక్కి పడ్డాడనో, గొడ్డు కుమ్మిందనో అత్తయ్య ఏదో ఒకటి అంటే సరిపోతుంది. ఆయన నమ్ముతారు, రేపు ఆఫీసులో చెప్పుకుంటారు కూడా. అనెయ్యండి అత్తయ్యా అని లోపల్లోపల బతిమాలుకుంటున్నాను.

అత్తయ్య గరిట అన్నంగిన్నెలో పెట్టేశారు.

“మీ నాన్నకి లేదురా. అది నీదే. ఆ కళ్ళూ నీవే.”

తర్వాత ఆవిడే లోపలికెళ్ళి, తన చీరల మడతల్లోంచి పాత ఫోటో తెచ్చి ఇచ్చారు. ఎక్కువ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు. ఆయన నిలబడే చూశారు. పళ్ళెంలో పప్పన్నం ఆరిపోయింది.

“ఆఫీసులో సగం మందికి ఈ ఫోటో తెలుసమ్మా,” అన్నారు చివరికి. అరవలేదు. అరిచినా బాగుండేది. “శవం ఒళ్ళో కూర్చుని నవ్వుతూ, మా నాన్న నిలకడ చూడండి, నిలకడ చూడండి అని ఊరందరికీ చూపించుకున్నాను. నువ్వు వంటింట్లో కూర్చుని విన్నావు.”

చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళిపోయారు.

ఆ రాత్రికి వచ్చారు గానీ, ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్యా మాటలు నా ద్వారానే నడిచాయి. అత్తయ్య ఎదురుగానే ఉన్నా, “అమ్మని మాత్ర వేసుకోమను” అనేవారు. “వేసుకున్నానని చెప్పు” అనేవారు ఆవిడ. కొత్త ఫోటో గోడ మీంచి దిగిపోయింది. సున్నం రంగు మారని నలుచదరపు చోటు మిగిలింది. ఆఫీసుకి వెళ్తూ ఆయన అలవాటుగా అటు తల తిప్పడం, చటుక్కున వెనక్కి తిప్పుకోవడం చూస్తుంటే నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలిసేది కాదు. ఒకరోజు వీణ, “నాన్నమ్మా, సారీ బోల్ దో నా” అంది. “చెప్పానే తల్లీ. అది వాడికి చాలదు,” అన్నారు అత్తయ్య.

జూన్ నడుమకి కూలర్ గడ్డి పాచిపట్టి వాసనేసింది. ఒక సాయంత్రం మా ఆయన బనీను మీదే వెనక వరండాలో కూర్చుని, పలకలు విప్పి పైపుతో కడుగుతున్నారు. నేను వంటింటి కిటికీ దగ్గర చపాతీలు వత్తుతున్నాను. అత్తయ్య పీట ఈడ్చుకుంటూ వచ్చి ఆయన వెనక కూర్చున్నారు. ఆయన తిరిగి చూడలేదు. ఆవిడ ఆయన వీపుతోనే మాట్లాడటం మొదలుపెట్టారు.

“నీకు మెడ నిలవలేదని మీ నాన్న ఎత్తుకునేవారు కాదు. అందుకే అప్పుడు నీకు గోడ చూపించా. ఎత్తుకోలేదని చెప్పలేక.”

పైపులోంచి నీళ్ళ చప్పుడు.

“భయం ఆయనకి. ‘ఈ మోటు చేతులతో పట్టుకుంటే ఏమైపోతాడో’ అనేవారు. ఊయల పక్కన గొంతుక్కూర్చుని వేలు ఇచ్చేవారు. నువ్వు పట్టుకుంటే వదిలేవాడివి కాదు. బడికి వేళ మించిపోతున్నా, మాస్టారు అక్కడే గొంతుక్కూర్చుని ఉండేవారు, విడిపించుకుంటే ఏడుస్తావని. ‘మెడ నిలవనీ, వీణ్ణి భుజానేసుకుని ఊరంతా తిప్పుతా’ అనేవారు. మెడ నిలిచింది. ఆయనకి జ్వరం వచ్చింది.”

కడుగుతున్న పలక ఎప్పుడో తెల్లగా అయిపోయింది. ఆయన దాని మీదే నీళ్ళు పోస్తున్నారు.

“ఏ వేలు?” అన్నారు, అటు తిరిగే.

“కుడిచేతి చూపుడు వేలు.”

“ఫోటోలో కనపడుతుందా?”

“కనపడదురా. కండువా కింద ఉంది.”

ఇంకొంచెంసేపు నీళ్ళు పారాయి. వరండా అంతా తడిసి అత్తయ్య పీట కిందికి చేరాయి. ఆవిడ పాదాలు పైకి తీసుకోలేదు.

“మరి నన్ను పట్టుకుంది ఎవరు?”

“నేనే. వెనకనుంచి. నువ్వేమో జారిపోతున్నావు. త్యాగరాజు కదలొద్దు కదలొద్దు అని ఒకటే కేకలు. మొహం ఆపుకోలేకపోయా గానీ, చెయ్యి ఆపుకున్నా.”

ఆయన లేచి కుళాయి కట్టారు. తడిచేతులతోనే లోపలికి వెళ్ళి, కాసేపటికి పాత ఫోటో పట్టుకుని వెలుతురులోకి వచ్చారు. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. పెనం మీద చపాతీ మాడిపోతుంటే నేను ఇటు తిరిగాను. మర్నాడు లేచేసరికి కూలర్ గాలి తగలని గోడకి కొత్త మేకు దిగి ఉంది. దానికి మామగారు, కళ్ళు మూసుకుని. ఆ కళ్ళ కిందున్న రంగు చారలు ఎవరో తడిగుడ్డతో జాగ్రత్తగా తుడిచారు.

వానలు మొదలయ్యాక సదాశివరావుగారు మళ్ళీ వచ్చారు. హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన వాళ్ళావిడని మాకు పరిచయం చేయడానికి తీసుకొచ్చారు. కూర్చుంటూనే, “రఘునందన్‌గారూ, మీ నాన్నగారి ఫోటో మా ఆవిడకి చూపించండి. నిలకడంటే ఏంటో తెలుసుకుంటుంది. షాపింగుకెళ్తే ఒక్క కొట్టులో నిలవదు,” అన్నారు.

“మీరు కొట్టు బయటే నిలబడతారుగా, ఇద్దరికీ సరిపోతుంది,” అంది ఆవిడ.

అందరం నవ్వాం. నవ్వుతూనే నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి లేవబోతున్నారు.

మా ఆయన గోడ మీంచి ఫోటో దించారు. లాల్చీ అంచుతో అద్దం తుడిచి, సదాశివరావుగారికి కాక వాళ్ళావిడ చేతికిచ్చారు.

“ఇది మా నాన్నగారు పోయిన రోజున తీసిందండీ,” అన్నారు.

ఆవిడ చేతుల్లో ఫోటో ఒక్కసారి కదిలింది. మా ఆయన వంగి, పిల్లాడి నడుము దగ్గర గాజుల చేతి మీద వేలు పెట్టారు.

“ఇది మా అమ్మ చెయ్యి. అంతలోనూ నన్ను పట్టుకునుంది. మొహం కదిలింది, నేను కదిలాను. ఇది మాత్రం కదల్లేదు. ఎంత నిలకడో చూడండి.”

సగం లేచిన అత్తయ్య మళ్ళీ దివాన్ మీద కూర్చున్నారు. పమిట సర్దుకున్నారు.

“కాఫీ నువ్వు కలుపు ఉషా,” అన్నారు.